తక్కువ నీళ్ళ ఇల్లు

విజయనగరంలో మేముండే అపార్ట్‌మెంటులో ఒక ఎండాకాలం బోరు అడుగంటింది. అసోసియేషను వాళ్ళు ప్రతి ఫ్లాటుకూ నీళ్ళ మీటరు పెట్టించారు. పైపుతో బళ్ళు కడగకూడదు, మెట్లు తడిగుడ్డతోనే తుడవాలి అన్నారు. ఆదివారం ఉదయం కింద పార్కింగులో అందరూ చేరితే, ఎవరింట్లో ఎక్కువ వాడారో, ఎవరింట్లో తక్కువ వాడారో కార్యదర్శి చదివేవారు. జరిమానా లేదు. నలుగురిలో వినిపించడమే శిక్ష.

ఆ ఎండాకాలం ఎక్కువ వాడింది మేమే. ఉన్నది అమ్మా నేనూ. అమ్మ మంచం పట్టింది. నేను కాలేజీకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి దుప్పట్లు ఉతకాల్సి వచ్చేది. ఆ సంగతి పదిమందిలో చెప్పడం నాకిష్టం లేకపోయింది.

ఒకరోజు పై అంతస్తు ఆవిడ గుమ్మంలో నిలబడి అడిగింది.

“ఇద్దరు మనుసులే గదమ్మా, అన్ని నీళ్ళు ఏటి సేస్తన్నారు?”

“వాడకం ఉందండీ” అన్నాను.

లోపల అమ్మ వింది. మర్నాటి నుంచి స్నానం వద్దనేది. మంచినీళ్ళు కూడా రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కకు నెట్టేసేది.

“తాగితే మళ్ళీ దుప్పటి తడుస్తాది గదే అమ్మీ” అంది.

ఆ సాయంత్రమే వెళ్ళి కార్యదర్శికి చెప్పేశాను. “ముందే సెప్పకూడదేటమ్మా” అన్నారాయన, తల దించుకుని. మంచంలో మనిషి ఉన్న ఇంటి మీటరు చదవకూడదని, ఎవరిల్లో చెప్పకుండానే కొత్త రూలు పెట్టారు. అమ్మ మాత్రం నమ్మలేదు. గుక్కెడు నీళ్ళు తాగడానికి చివరిదాకా బతిమాలించుకుంది. కార్తీకంలో పోయింది.

మరుసటి ఎండాకాలం మీటర్లు మళ్ళీ చదివారు. ఏ వారం చూసినా తక్కువ మా ఇల్లే. ఒక ఆదివారం చప్పట్లు కొట్టారు. ఎలా పొదుపు చేస్తున్నానో చెప్పమన్నారు. లేచి, బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు పోస్తాననీ, షవరు వాడననీ చెప్పాను. అందరూ తలలూపారు. పైకొచ్చి, ఉతకాల్సిందేమైనా ఉందేమోనని ఇల్లంతా చూశాను. ఏమీ లేదు.

ఆ వారమే పై అంతస్తు ఆవిడ వచ్చింది. కూతురు పురిటికొచ్చింది. పసిదాని బట్టలు ఉతికి ఉతికి వాళ్ళ మీటరు పరిగెడుతోంది.

“ఆదివారం ఆ సదువుడు ఇనాలంటే సిగ్గేస్తంది. నువ్వు సేసే కిటుకేటో సెప్పు తల్లీ.”

“కిటుకేమీ లేదండీ. నిరుడు ఉతికిన దుప్పట్లన్నీ అమ్మవి. ఇప్పుడు అమ్మ లేదు.”

ఆవిడ గుమ్మం పట్టుకుంది. మెల్లగా అడిగింది.

“ఆయేడు నేనన్న మాట మీయమ్మ ఇన్నాదా?”

“లేదండీ. నిద్రలో ఉంది.”

పాప బట్టలు మా ఇంట్లో ఉతుక్కోమన్నాను. మొహమాటపడుతూనే ఒప్పుకుంది. రోజూ పొద్దున్నే బకెట్టుతో వచ్చేది. బాత్రూములో బట్టల చప్పుడు వింటూ నేను టీ పెట్టేదాన్ని. పాప ఎలా ఆవులించిందో, రాత్రి ఎంత ఏడిపించిందో చెబుతూ తాగేది. ఆదివారం చప్పట్లు ఇంకో ఇంటికి వెళ్ళాయి. ఎవరూ నన్నేమీ అడగలేదు.

వానలు పడి బోరు కోలుకుంది. పార్కింగులో చదవడం ఆపేశారు. కూతురు పాపనెత్తుకుని పొందూరులో అత్తవారింటికి వెళ్ళిపోయింది. ఆవిడకిక మా ఇంట్లో పని లేదు. మెట్ల మీద ఎదురైతే పాపకు పళ్ళొస్తున్నాయని చెబుతుంది. ఒకసారి టీకి రమ్మన్నాను. “వస్తాన్లే తల్లీ” అంది. ఇంకా రాలేదు.