మా మేస్త్రీకి తగ్గిన అర కిలో

సోమవారం మధ్యాహ్నం సైట్‌లో అన్నం తింటుండగా జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. మా మేస్త్రీ పోయారు. పొద్దున చాయ్ తాగి, కూర్చున్న కుర్చీలోనే ప్రాణం విడిచారట. ఈ గల్ఫ్ ఊరు సోహార్ వదిలి ఇంటికి వెళ్ళి ఏడాది కూడా కాలేదు.

ఆయన దగ్గర పన్నెండేళ్ళు ఇనుప చువ్వలు కట్టాను. ఒకే రూమ్‌లో ఉన్నాం. చువ్వ మీద చువ్వ పడిన ప్రతిచోటా బైండింగ్ వైర్‌తో ముడి వేయాలి. ఎండకు తాళలేక నేను ఒకటి విడిచి ఒకటి కట్టేవాణ్ణి. ఆయన వెనకే వచ్చి, విడిచినవి వేలితో చూపేవారు.

"కాంక్రీట్ పోసినంక ఎవ్వడు సూడడు తమ్మీ. గని బరువు పడ్డనాడు దానికి తెలుస్తది."

ఈ మనిషి బాక్సర్ అంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు. అంత సన్నం. నీళ్ళ ట్యాంకు వెనక తాడాట ఆడుతుంటే చూడాలి, కాళ్ళు నేలకు ఆనేవి కావు. శుక్రవారాల్లో ఒక హాల్లో కంపెనీల వాళ్ళకు పోటీలు జరిగేవి. అరవై కిలోలలోపు తరగతిలో ఆయనతో తలపడటానికి ఎవరూ మిగల్లేదు. పై తరగతిలో ఛాంపియన్ పెషావర్ వైపు క్రేన్ ఆపరేటర్, జానెడు పొడుగు ఎక్కువ. అతనితో ఆడి గెలవాలని మేస్త్రీ కోరిక. అప్పటికి ఆయనకు ముప్పైతొమ్మిది. నలభై దాటితే ఆ హాల్లో ఆడనివ్వరు.

పై తరగతిలో ఆడాలంటే అరవై దాటి తూగాలి. రెండు నెలలు రూమంతా కలిసి ఆయనకు గుడ్లు, ఖర్జూరాలు, పప్పన్నం కుక్కి కుక్కి పెట్టాం. తిన్నదంతా డ్యూటీలో చెమటై పోయేది. పోటీ రోజు పొద్దున మెస్‌లో బియ్యం తూచే కాటా ఎక్కిస్తే అర కిలో తక్కువ.

ఆయనకు చెప్పకుండా, ఆయన నిక్కరు నడుంపట్టీలో ఆ అర కిలోకు సరిపడా బైండింగ్ వైర్ దోపి కుట్టేశాను. ఇనుప పనివాడికి బరువంటే ఇనుమే గుర్తొస్తుంది మరి.

హాల్లో ఆయన హడావిడిగా నిక్కరు తొడుక్కుని కాటా ఎక్కారు. ముల్లు అరవై దాటింది. మేం చప్పట్లు కొట్టాం. మేస్త్రీ మాత్రం నడుము తడుముకుంటూ దిగారు. కుట్లు పళ్ళతో తెంపి, వైర్ బయటికి లాగి రెఫరీ బల్ల మీద పెట్టారు.

"మాఫ్ కరో ఉస్తాద్. ఏ మేరా వజన్ నహీ హై." ఇది తన బరువు కాదని, క్షమించమని అడిగారు.

ఆయన ఆఖరి అవకాశాన్ని నా చేతులతోనే పాడుచేశాననుకున్నాను. రెఫరీ వాచీ చూసి, తూకం ముగియడానికి ఇంకా పావుగంట ఉందన్నాడు. మేస్త్రీ నా చేతిలోని లీటరు నీళ్ళ సీసా లాక్కుని గటగటా తాగి మళ్ళీ కాటా ఎక్కారు. ముల్లు అరవై దాటింది.

"నీళ్ళు తాగితే అయిపొయ్యేదానికి ఇనుమెందుకురా!" అని నా నెత్తిన ఒక్కటిచ్చారు.

మొదటి రౌండ్‌లో ఆ నీళ్ళ బరువుతో కదల్లేక దెబ్బలు బాగానే తిన్నారు. రెండో రౌండ్ నుంచి ఛాంపియన్ చేతులు గాలినే కొట్టాయి. మేస్త్రీ పక్కకు జరగడం, లోపలికి దూరి రెండు కొట్టడం, అతను తేరుకునేలోపు బయటికి రావడం. మూడో రౌండ్ అయ్యాక రెఫరీ ఎత్తింది మా మేస్త్రీ చెయ్యే. అంత గర్వం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

గెలిచిన కప్పు ఆఫీసులో పెట్టించారు. వైర్ చుట్టను మాత్రం తన మంచం పైన మేకుకు తగిలించారు. ఆ తర్వాత సైట్‌లో నేను ముడి విడిస్తే తిట్టేవారు కాదు. "నీ అర కిలో రూమ్‌ల ఉన్నది, సూసుకో" అని నవ్వేవారు. నేను సిగ్గుపడి వెనక్కి వెళ్ళి కట్టేవాణ్ణి. ఇవాళ నలుగురు నన్ను మంచి పనివాడంటున్నారంటే అది ఆయన పెట్టిన భిక్ష.

ఆ సోమవారం పొద్దున కూడా ఎండకు బద్ధకించి నాలుగు ముడులు విడిచాను. ఫోన్ పెట్టేశాక వాటిని వెతికి కట్టి, డ్యూటీ దిగి రూమ్‌కి వెళ్ళాను. మేస్త్రీ మంచం మీద ఇప్పుడు ఆర్మూరు నుంచి వచ్చిన ఒకాయన ఉంటున్నాడు. మేకుకున్న తుప్పు పట్టిన వైర్ చుట్టను చూపి, "గిది ఎవరిదన్నా? పారేద్దునా?" అని అడిగాడు.

"ఉండనియ్యి," అన్నాను. "అది నాది."