తలుపు ఎనక వాన

నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే మా ఊరి ఆడోళ్లంతా పెద్దింటి వసారాలో కూర్చుని విత్తనం శెనక్కాయలు ఒలిచేవాళ్లు. ఆ ఇంటామె ఒక చట్టం పెట్టింది. ఒలిచేటోళ్ల నోరు ఊరికే ఉండకూడదు. మాట్లాడాల, లేదంటే పాడాల. నోరు మూసుకుంటే లోపల గింజలు నములుతాండారని ఆమె అనుమానం. వానలు మొహం చాటేసిన కాలం అది. గింజలు మా చేతుల్లో ఉండాయి, కడుపుల్లో ల్యావు.

నాకేమో మాట వచ్చేది కాదు. మా నాయన పోయినప్పట్నుంచి నోరు పెగల్లేదు. మా జేజి, అదే నాయన్ను కన్నతల్లి, ఆమె పక్కన తలొంచుకుని ఒలిచేదాన్ని. ఒకదినం ఇంటామె నా ముందర నిలబడి, "ఈ మూగదాని బుగ్గలో ఏముండాదో ఎవరికి తెలుసు? రేపట్నుంచి దీన్ని తీసుకురావద్దు" అనింది. నన్ను తరిమేస్తే నా కూలి పోతాది. జేజి ఒక్కదాని కూలికి ఇద్దరికీ సంగటి రాదు.

జేజి బతిమాలలేదు. నా నోరు తెరిచి చూపించనూ లేదు. చేతులు ఆపకుండానే కథ ఎత్తుకునింది. వానే లేని ఒక రాజ్యం. ఆడ ఒక కొండ, కొండకు రాతి తలుపు. తప్పిపోయిన మేకను ఎతుక్కుంటా ఒక పిల్ల ఆ తలుపు కాడికి పోయింది. అందరూ ఊ కొడతాండారు. ఇంటామె గూడా కదల్లేదు. అప్పుడు జేజి టక్కున ఆగి, నా దిక్కు తిరిగి, "తలుపు ఎనక ఏముండాదో నాకు తెలీదు. ఆడికి పోయినదానివి నువ్వే కదా, చెప్పు" అనింది.

అందరి కండ్లూ నా మీదే. జేజి కాయలు చిట్లిస్తానే కూర్చునింది. నేనూ ఒక కాయ చిట్లించి, "వాన" అన్నా. "వాన ఉండాది. తాళ్లేసి కట్టేసినారు."

"ఎవరే కట్టేసింది?" అని ఎవరో అడిగినారు.

"రాణి. ఎర్రరాయి ముక్కుపుడక పెట్టుకున్న రాణి."

వసారా అంతా గొల్లున నవ్వింది. ఊర్లో ఎర్రరాయి ముక్కుపుడక ఉండేది ఆ ఇంటామెకే. జేజి చెయ్యి నా మోకాలి మీద పడింది. ఆపమనేమో అనుకున్నా. కాదు, కానీయమని. ఇంటామె మొహం కందిపోయింది. ఇంక తిట్లే అనుకుంటాంటే, "అయితే తాళంచెవి యాడ దాచిందే ఆ రాణి?" అని గడప మీద కూలబడింది. నేను చెప్తాపోయినా. ఆమె వింటా వింటా చాటలో చెయ్యి పెట్టి గింజలు నోట్లో వేసుకుంటాండాది. జేజి చూసి, "అమ్మా, ఈడ నోరుండేది మాట్లాడేదానికి" అనింది. నవ్వి నవ్వి ఒకామెకు దగ్గొచ్చింది.

ఆ తర్వాత నన్ను రావద్దని ఎవరూ అనలేదు. ఒలుపు అయ్యేదాకా కథ సాగింది. జేజి తలుపు పెడతాది, నేను తెరుస్తా. ఆఖరిదినం గూడా పిల్ల ఇంకా కొండ లోపలే ఉండాది. బయటికి ఎట్లొస్తాదని అడిగితే, "నాకేం తెలుసు, నీ కథ" అని జేజి చాట దులిపేసింది.

ఇప్పుడు నా మనవరాలు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతాది. నెల లోపల నవల రాసే పందెం ఒకటి ఉండాదని ఫోన్లో చూసి చెప్పింది. మాయలూ మంత్రాలూ ఉండే నవల నేను రాస్తా అన్నా. నా కొడుకు నవ్వినాడు. "సంతకం పెట్టేకే చెయ్యి వణుకుతాది, నీకు నవలేందిమా?" అన్నాడు. మొగుడు పోయినప్పుడు ఊరు గూడా ఇట్లనే అనింది, మూలన కూర్చో, నోరు మూసుకో అని. ఆ మాట విని ఉంటే మా చేను ఎవరో దున్నుకునేవాళ్లు. రాత రాదు, నిజమే. నోరు లేదని ఎవరన్నారప్పా? నేను చెప్తా, ఫోను రాస్తాది, తప్పులు పిల్ల దిద్దుతాది.

పందెం మొదలయ్యేలోపల కథ ఎట్ల నడిచేదీ కుదుర్చుకోవాలంట. శెనక్కాయలు నేల మీద పరిచి మనవరాలికి చూపిస్తాండా. మూడు గింజల లావు కాయ రాణి. లోపల ఏమీ లేని లొట్టకాయలు ఆమె సైన్యం. ఒంటిగింజ కాయ మన పిల్ల. "జేజీ, ఆఖర్లో రాణి మనసు మారి వానను వదిలేస్తే బాగుంటాది" అనింది మనవరాలు. బాగుండదు. మా దిక్కున ఎవరి మనసో మారి ఏదీ మా ఇంటికి రాలేదు. రాణి తాళంచెవి ఇవ్వదు, ఇవ్వనీను. ఆ తాళ్లకు మంత్రం ఒకటే. లోపల ఏముండాదో, కట్టేసింది ఎవరో, అందరి ముందర గట్టిగా చెప్పాల. చెప్పిన మాటకొక ముడి ఊడతాది. ముడులన్నీ ఊడినాక పిల్ల ఒక్కతే రాదు, వానతోనే వస్తాది.

ఈ ముసల్దానికి ఎందుకు ఇవన్నీ అనేవాళ్లు అంటానే ఉండనీ. ఫోను ముందర పెట్టుకుని కూర్చుంటే, మా జేజి చెయ్యి ఇప్పటికీ నా మోకాలి మీదే ఉంటాది. ఆపమని కాదు. కానీయమని.