రుమాలులో గులాబి మరక

పాపకు మూడు రోజులుగా జ్వరం. ఉతికిన గుడ్డలన్నీ అయిపోయి ఇందాక ట్రంకుపెట్టె అడుగున చెయ్యి పెడితే ఆముదం వాసన గుప్పుమంది. మస్తాన్‌బీ అత్త ఇచ్చిన రుమాలు. ఇన్నేళ్లలో దాని మడత విప్పే ధైర్యం నాకు రాలేదు.

నరసరావుపేటలో అత్తది మా పక్కిల్లు. పుట్టిల్లు చీరాల. అక్కడినుంచి అన్న పంపే నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేది. తెల్లగా మిగలాల్సిన చోటల్లా దారంతో బిగించి కట్టి, ఎర్రరంగులో ముంచేది. మళ్లీ కట్టి, నలుపులో. ఆ నూలు తిరిగి పంపితే, తలకు చుట్టుకునేంత పెద్ద రుమాళ్లు అన్న నేసేవాడు. ఒకప్పుడు అవి ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయేవట. "మా తాత హజ్‌కి పోతే, ఎవరో ముసలాయన నెత్తిన మన రుమాలే కనబడిందంట. భాష రాదుగా, తాత ఆ గుడ్డ పట్టుకొని ఏడ్చాడంట. దొంగనుకొని ఉంటాడు పాపం ఆయన!" అని అత్త నవ్వేది.

ఎనభై మూడులో నేను డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ఆమె దగ్గర ముడులు నేర్చుకునేదాన్ని. అప్పుడు అత్త కూతురు నూర్జహాన్ నిండు చూలాలు. పుట్టబోయే బిడ్డ కింద పరచడానికని అత్త ఒక రుమాలుకు నూలు కట్టి ఎరుపులో ముంచింది. ఆమె నమాజుకు లేచినప్పుడు, లోపల తెలుపు ఎలా ఉందో చూడాలని, ఆరకముందే ఒక ముడి విప్పాను. ఎరుపు పాకి తెలుపు గులాబి అయిపోయింది.

"ఏమే, తొందర చేతులే నీయి! ఆరేదాకా ముట్టొద్దని చెప్పలా?"

"ఆ పోగులు తీసేద్దామా అత్తా?"

"మా ఇంట్లో నూలు పారేసేది లేదు. మరకతోనే నేస్తాడు మా అన్న."

రుమాలు నేసి వచ్చిన వారానికి నూర్జహాన్ కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు.

నలభై రోజులు దాటేదాకా ఆ గడప తొక్కలేకపోయాను. చివరికి వెళ్లి, "ఆ ముడి నేను విప్పకుండా ఉంటే..." అని ఏడ్చాను.

"దారానికి అంత బలముంటే నా పిల్లని ముడేసి దాచుకోనా ఏందే?"

అని, అత్త రుమాలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "రేపు నీ బిడ్డ కింద పరుచు."

నా పెళ్లయిన రెండేళ్లకు అత్త పోయింది. పాప పుట్టినప్పుడు రుమాలు తియ్యబోయి, భయపడి మానేశాను. చదువుకున్నదాన్నే, అయినా.

ఇప్పుడు పాప దానిమీదే పడుకుంది. గులాబి మరక చెంప పక్కనే ఉంది. మందు వేసి గంటైనా కాలేదు. నిమిషానికోసారి నుదురు తాకి చూడాలనిపిస్తోంది. తొందర చేతులు నావి. అవి పాపను లేపకుండా ఉండాలనే ఇది రాస్తున్నాను.