తెల్లచీర మీద గుర్రం

మా మేనత్త పోయిందని మా ఊరు కోట నుంచి కబురొచ్చింది. నేను వెళ్లేసరికి, ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీరతో ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. ఆ చీర చూస్తే నాకు ప్రార్థనలు గుర్తుకు రాలేదు, నెత్తురు గుర్తొచ్చింది.

అరవైల్లో మా ఊళ్లో డేరా సినిమా ఆడేది. ఒక హీరో సొంత కంపెనీ పెట్టి తీసిన సినిమాలకు ముందు ఒక కదిలే బొమ్మ వచ్చేది. గుర్రం ముందుకాళ్లు లేపుతుంది, రౌతు కత్తి దూస్తాడు, ఆ మెరుపులోంచి కంపెనీ పేరు పుడుతుంది. అంతే. ఆ కాసేపట్లోనే తూర్పువీధి వాళ్లు ఈలలు వేసేవాళ్లు, ఇంకో హీరోను కొలిచే పడమటివీధి వాళ్లు సోడాబుడ్లు విసిరేవాళ్లు. కథ మొదలయ్యేసరికి ఇసుకనిండా చెప్పులు, గాజుపెంకులు, ఊడిన పళ్లు. ఆ తర్వాత తెరమీద కత్తియుద్ధాలు మాకు చప్పగా ఉండేవి.

అలాంటి ఒక ఆటలోనే అత్త కొడుకు, అంటే మా బావ కంట్లో గాజుపెంకు దిగింది. ఇంటికి మోసుకొస్తే, అత్త తన తెల్లచీర కొంగుతో ఆ కన్ను అదిమిపట్టి బండిలో ఆస్పత్రికి తీసుకుపోయింది. కొంగు ఎర్రబడింది గానీ కన్ను దక్కలేదు.

ఆ కంపెనీ తర్వాతి సినిమా రాగానే బావ పగ తీర్చుకోవాలని నడుముకు సోడాబుడ్డి దోపుకుని బయల్దేరాడు. అత్త ఎంత బతిమాలినా ఆగలేదు. సినిమా పాపమని నమ్మే మనిషి అత్త, అప్పటిదాకా డేరా ముఖం ఎరగదు. ఆ సాయంత్రం ప్రార్థన నుంచి తెల్లచీరతోనే అట్నుంచటే నన్ను వెంటబెట్టుకుని వచ్చింది. లైట్లు ఆరగానే లేచి, తెర ముందుకు పోయి, జనం వైపు తిరిగి నిలబడింది. గుర్రం ఆమె చీర మీద లేచింది. కత్తి ఆమె మొహం మీద తళుక్కుమంది. ఎక్కడినుంచో ఒక బుడ్డి వచ్చి భుజానికి తగిలినా కదల్లేదు.

“ఏసేవాళ్లు నామీద ఏయండి అబ్బయా. నా బిడ్డకి ఇంక ఒక్క కన్నే ఉండాది.”

బావ చేతిలో బుడ్డి ఇసుకలోకి జారిపోయింది.

ఆ కంపెనీ సినిమా వచ్చిన ప్రతిసారీ మొదటి ఆటకు ఆమె అలాగే నిలబడేది. చర్చి అయ్యగారు మందలిస్తే, “నేనెక్కడ చూసినానయ్యగారూ, నా వీపు గదా అటుండేది” అందట. అంత ధైర్యం నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు.

పోయినేడు వెళ్లినప్పుడు, ఇంతకీ డేరాలో తన వీపు వెనక ఆడిన ఆ బొమ్మలో ఏముండేదని నన్ను అడిగింది. గుర్రం, కత్తి అని చెప్పాను.

“గుర్రమా?” అంది. పక్కనే గంజి కలుపుతున్న కొడుకు పోయిన కంటికేసి చాలాసేపు చూసింది.

పెట్టె మూసేముందు బావ ఆ తెల్లచీర మీద అరచెయ్యి ఆనించాడు. అక్కడ ఏదో కదులుతుందేమో అన్నట్టు, ఉన్న ఒక్క కంటితో చూస్తూ నిలబడ్డాడు.