ఇంట్లో చూపించని స్లైడ్లు

మొన్న ఆదివారం మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, ఫోనును టీవీకి కలిపి, స్నేహితులతో హిమాలయాలకు వెళ్లొచ్చిన ఫోటోలు మా అందరికీ చూపించింది. ఈ చంద్రపూర్ ఎండకు కూలరు ముందు నుంచి కదలలేని మేమంతా నోళ్లు తెరుచుకుని చూశాం. ఒకదాని మీద కన్ను నిలిచేలోపు ఇంకొకటి వచ్చి పడుతోంది, అన్నిట్లోనూ నవ్వులే, అన్నిట్లోనూ ఆకాశం నీలంగానే ఉంది. ఎవరూ జారిపడలేదా తల్లీ, ఎవరికీ ఊపిరాడక ఇబ్బంది కాలేదా అని అడిగాను. "అయ్యింది తాతా, ఒక పిల్లనైతే మోసుకోనే దించిన్రు. గసొంటివి ఎవలు పెడ్తరు?" అందా పిల్ల. అందరూ నవ్వారు. నేను మాత్రం మంచినీళ్ల వంకతో లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

మేమూ పెట్టేవాళ్లం కాదు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, చెప్పుకుంటే తరుగుతుందన్న ఆశ కూడా లేదు, అయినా ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు పనికి ఈ చంద్రపూర్ పక్కనున్న ఘుగ్గుస్ వచ్చినవాడు. నేను ఆయనలా గనిలోకి దిగకుండా సర్వే ఆఫీసులో ట్రేసరునయ్యాను. కింద బల్బు వెలిగే గాజు బల్ల మీద గని నక్షాలను పల్చటి కాగితం మీదికి దించడం నా పని. మా సర్వే సాహెబు పుణె వైపు మరాఠీ మనిషి, పెళ్లి చేసుకోలేదు, కొండలనే చేసుకున్నాడని వెనక నవ్వుకునేవాళ్లం. పొద్దస్తమానం భూమి అడుగున ఏముందో లెక్కగట్టే మనిషికి అంతంత ఎత్తులు ఎక్కాలన్న పిచ్చి ఎక్కడిదో గానీ, ప్రతి ఎండాకాలం కాలనీ నుంచి అయిదారుగురు కుర్రాళ్లను సెలవు పెట్టించి హిమాలయాలకు తీసుకుపోయేవాడు. గీత గీస్తే చెయ్యి వణకదు గనక ఫోటో తీసినా వణకదని తన కెమెరా నా మెడలో వేశాడు. అలా రోడ్డు లేని లోయల్లో, మ్యాపులో పేరు లేని కనుమల మీద నేను ఫోటోలు తీశాను.

స్లైడంటే ఏమిటో మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు. అట్టచట్రంలో బిగించిన రెండు వేళ్ల వెడల్పు రంగు ఫిల్ము, అది పోతే మళ్లీ రాదు. రీళ్లు బొంబాయికి పోయి కడిగి రావడానికి నెల పట్టేది. ఆ తర్వాత ఒక సాయంత్రం కాలనీ హాల్లో గోడకు తెల్ల ధోవతి కట్టి, ప్రొజెక్టరు పెట్టి చూపించేవాళ్లం. సాహెబు మరాఠీలో చెబితే నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఆరేసిన చీర మీద సాయంత్రానికి బొగ్గు పొడి పేరుకునే కాలనీ అది, అక్కడి ఆడవాళ్లకు అంత తెలుపు ఒక్కసారిగా గోడ మీద కనబడితే చూడాలి ఆ ముఖాలు! వచ్చే ఏడు పోయినప్పుడు ఒక గంపెడు మంచు తెమ్మని ఒకామె, తెస్తే చారులో వేసుకుంటవా అని ఇంకొకామె. మంచు మీద నల్లచుక్క కనబడితే అది మనిషా, ప్రొజెక్టరులో దూరిన మన ఘుగ్గుస్ నలుసా అని కుర్రాళ్లు పందేలు వేసుకునేవారు.

ఆ హాల్లోకి వచ్చే ముందు ఇంకో పని జరిగేది. డ్యూటీ అయ్యాక నేనూ సాహెబూ ఆ గాజు బల్ల మీద స్లైడ్లన్నీ పరిచి ఏరేవాళ్లం. చలికి నల్లబడ్డ కాలివేళ్లు, తాడుకు వేలాడుతున్న మనిషి, గుడారంలో వాంతులు చేసుకుంటూ ఏడుస్తున్న, గనిలో బొగ్గెత్తే మా లోడరు కుర్రాడు, ఇలాంటివి పక్కకు తీసి ఒక బిస్కెట్ల రేకుడబ్బాలో వేసేవాళ్లం. దాని మీద సాహెబు "ఘరీ నకో" అని రాశాడు, అంటే ఇంట్లో వద్దు అని. తల్లులు చూస్తే వచ్చే ఏడు ఒక్కణ్ణీ పంపరని మా భయం. అందులో తప్పుందని నాకు అప్పట్లో తోచనేలేదు, పైగా నా ఏరివేత చూసి సాహెబు మెచ్చుకుంటే ఉబ్బిపోయేవాణ్ణి.

ఆ తల్లుల్లో మా మేనత్త ఒకతి. మామయ్య జబ్బు చేసి పోతే ఆ ఉద్యోగం ఆమె ఒక్కగానొక్క కొడుక్కి, నా బావమరిదికి వచ్చింది. గనిలోకి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చి పుచ్చుకునే ల్యాంపు రూములో చేసేవాడు. నా స్లైడ్లు చూసి చూసి వాడికి కొండల పిచ్చి పట్టింది, అత్త ససేమిరా అంది. ఆ ఏడు హాల్లో ఆట అయిపోయాక నా దగ్గరికొచ్చి, "భయమేం లేదు గదరా?" అని ఒక్క మాట అడిగింది. "భయమేంది అత్తా, అన్ని ఫోటోలు నువ్వే చూసినవ్ గద" అన్నాను. అన్నీ అన్న మాట నా నోటి నుంచే వచ్చింది. అత్త ఒప్పుకుంది. వాడు ఆ రాత్రి సంతోషం పట్టలేక నన్ను సైకిలు మీద కాలనీ అంతా తిప్పాడు.

అలా వాడు మాతో బయలుదేరాడు. తిరుగు దారిలో ఒక వాగు ఉంది, దాని మీద మంచు పేరుకుని వంతెనలా ఉండేది, కింద నీళ్ల చప్పుడు మాత్రం వినబడేది. ఇల్లు చేరే తొందరలో వాడు మాకంటే ముందు నడిచాడు. నేను వెనక ఆగి కెమెరాలో రీలు మార్చుకుంటున్నాను. తలెత్తేసరికి మంచు మధ్యలో నల్లటి బొంద ఉంది, వాడు లేడు. రెండో రోజు కింద బండల దగ్గర దొరికాడు. అక్కడే దహనం చేసి, చిన్న ఇత్తడి చెంబులో వాణ్ణి చంద్రపూర్ స్టేషనులో దించాం.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం అత్త మా క్వార్టరుకు వచ్చింది. కొడుకు ముఖం కడసారి చూసుకోలేదు, కనీసం ఆ చోటైనా చూస్తానంది. "నా కొడుకు పోయిన జాగ నాకు సూపెట్టు బిడ్డా" అంది. ఫోటో లేదంటే సరిపోయేది. వాడు పడ్డాక నేను కెమెరా ముట్టుకోలేదు, ఆ మాట అందరికీ తెలుసు. కానీ ఆ చోటు ఫోటో ఒకటి నా దగ్గర ఉంది, ముందటి ఏడాది తీసింది, రేకుడబ్బాలో ఉంది. అదే మంచు వంతెన, అందులో సామాన్లతో సహా వెనక కాళ్లు కూరుకుపోయిన ఖచ్చరు, అంటే బరువులు మోసే కంచరగాడిద, తాళ్లు కట్టి లాగుతున్న మనుషులు.

అబద్ధం ఇంకొకటి చెప్పే ధైర్యం లేక లేచి, కిటికీలకు కంబళ్లు కట్టి, ప్రొజెక్టరు వెలిగించాను.

అత్త గోడ దాకా వెళ్లి ఆ బొంద మీద అరచెయ్యి పెట్టింది. సగం వెలుగు ఆమె చేతి మీదే పడింది. అలా నిలబడే ఖచ్చరు బతికిందా అని అడిగింది, బతికిందన్నాను. "గిది ఎప్పుడు దీసినవ్?" అంది. "పోయినేడుది అత్తా" అన్నాను. అత్త చెయ్యి తీసేసింది. కంబళ్లు తనే విప్పి మడతపెట్టి, మా అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ రోజు మొదటిసారి ఇంకో సంగతి తెలుసుకున్నాను. తల్లికి చెబుతాడేమోనని ఆ డబ్బా నేను బావమరిదికి కూడా చూపించలేదు. చూసి ఉంటే వాడు ఆ మంచు మీద ఒంటరిగా అడుగు పెట్టేవాడు కాదు.

మరుసటి ఏడు సాహెబు మళ్లీ ఆట పెట్టాడు, ముందు వరుసలో బావమరిది ఫోటోకు దండ వేయించాడు, మంచివే చూపిద్దామన్నాడు. ఆ ఉదయం అత్త నా దగ్గరికి వచ్చి, అందరు తల్లులకూ అన్నీ చూపెట్టమంది. నేను డబ్బా మొత్తం కలిపేశాను. సాయంత్రం అత్త నా పక్కనే, ప్రొజెక్టరు దగ్గర స్టూలు మీద కూర్చుంది. ఖచ్చరు వచ్చింది, నల్లబడ్డ వేళ్లు వచ్చాయి. మధ్య వరుసలోంచి ఒక హెడ్ ఫిట్టరు భార్య లేచి, ఆ ఏడు కొండలకు పేరు ఇచ్చుకున్న కొడుకు మణికట్టు పట్టుకుని, "లెవ్వురా, నడువ్ ఇంటికి" అని గుంజుకుపోయింది. వాడికి ఇరవై దాటాయి, మీసాలున్నాయి, తోటివాళ్లు ఈలలు వేస్తుంటే తల వంచుకుని వెళ్లాడు. వాళ్లు తలుపు దాటేదాకా అత్త అటే చూసింది. తర్వాత నా వైపు తిరిగి, మెల్లగా, కోపం లేకుండా, "నేను గూడ గిట్లనే గుంజుకపోతుంటి గద బిడ్డా" అంది.

సాహెబు "పుఢే, పుఢే" అని తొందరపెడుతూనే ఉన్నాడు. ఆ స్లైడు ముందుకు జరపడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ తర్వాత పేర్లు ఇచ్చేవాళ్లు తగ్గి, కొండలకు పోవడమే ఆగిపోయింది. అంతా నేనే చెడగొట్టానని సాహెబు బదిలీ అయ్యేదాకా నాతో సరిగా మాట్లాడలేదు. అత్త పోయింది. హాలు ఉన్న చోటు ఇప్పుడు ఓపెన్ కాస్టు గనిలో కలిసిపోయింది. రీళ్ల కోసం నెల రోజులు ఎదురుచూసే పని లేదు, పిల్లలు కొండ మీద ఉండగానే ఫోటో తల్లి చేతిలోకి వచ్చేస్తోంది, ఏరివేత కూడా అక్కడే అయిపోతోంది.

ఆ ఫిట్టరు కొడుకు ఇప్పుడు రిటైరై చంద్రపూర్‌లోనే ఉంటున్నాడు, మోకాళ్ల నొప్పులు, ఇద్దరు మనవలు. బజార్లో కనబడ్డప్పుడల్లా పట్టుకుని, నిండు హాల్లో నా ఇజ్జత్ తీసినవ్, నీ ఫోటోల పుణ్యాన జన్మలో కొండ ముఖం చూడకపోతిని అని నవ్వుతూనే తిడతాడు. ఎంతసేపు తిట్టినా కూరగాయల సంచీ చేతిలో పట్టుకుని నిలబడి వింటాను. ఇన్నేళ్లూ మా బావమరిది కూడా నన్ను ఇట్లాగే తిడుతూ ఉండవలసినవాడు.