ఎవరి ఛాతీ ఎత్తు?

చెట్లు సన్నబడవు. ఈ సంగతి తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. అయినా ఆ శుక్రవారం నా కంప్యూటర్‌లో ఒక అడవి అడవంతా సన్నబడింది.

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. దేశంలోని అడవులు ఎంత కార్బన్ దాచుకున్నాయో, ఎంత వదిలాయో తేల్చే పనిలో మాది చిన్న ముక్క. మాను చుట్టుకొలత తెలిస్తే చెట్టు బరువు తెలుస్తుంది, బరువు తెలిస్తే కార్బన్ తెలుస్తుంది. ఐదేళ్ల కిందట నంబర్లు వేసి కొలిచిన టేకులనూ నల్లమద్దులనూ ఈసారి వేరేవాళ్లు కొలిచారు. దాదాపు అన్నీ తగ్గాయి.

మా సార్‌ది గుంటూరు వైపు. మాట నెమ్మది, తీర్పు తొందర. ఆయన చివరి మొత్తం లెక్క మాత్రమే చూసి, ఈ అడవి కార్బన్ వదిలిందని, పక్క గూడెం వాళ్లు కట్టెలకు కొట్టడమే కారణమని రాసేశారు. సోమవారం రిపోర్టు పంపాలి.

ఆ గూడెం నాకు తెలుసు. మొదటిసారి ఆ అడవి కొలిచింది నేనే. నా అరికాలిలో ముల్లు దిగితే కాలు ఒడిలో పెట్టుకుని తీసిన అవ్వ అక్కడే ఉంటుంది. ఎండుపుల్లలు ఏరుకునే మనిషి మీద ఈ నింద పడుతుందంటే నాకు కాలు నిలవలేదు.

ఎల్బీనగర్ వెళ్లే మెట్రోలో సీటు దొరికినా కూర్చోలేకపోయాను. శనివారం అన్నం సహించలేదు. కూరగాయల బండి మైకు మీద కూడా కోపమొచ్చింది. గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే చెల్లెలు విసుక్కుంది. చివరికి టేపు దాని చేతికిచ్చి, గోడకు ఆనుకుని నిలబడి, నేల నుంచి నూట ముప్పై ఏడు సెంటీమీటర్లు ఎక్కడికి వస్తుందో చూడమన్నాను.

"నీ ముక్కు కాడికి ఒచ్చిందక్కా. ఏంది గీ కొలత?"

ఆ కొలత పేరు ఛాతీ ఎత్తు. ఏ పొడుగాటి మనిషిని చూసి పెట్టారో గానీ, మానును అక్కడే కొలవాలి. అందుకని ఆ ఎత్తు దగ్గర గీత పెట్టిన కర్ర కూడా ఇచ్చారు. ముళ్లకంపల్లో అడ్డం పడుతోందని రెండో రోజే దాన్ని జీపులో పడేశాను. నాకు మాత్రం ఛాతీ లేదా అని నా ఛాతీ దగ్గరే కొలుచుకుంటూ పోయాను, పొగరు. కిందికి పోయేకొద్దీ మాను లావు. అప్పుడు నేను లావు చేసిన అడవే ఇప్పుడు సన్నబడింది.

ఆ నెలలోనే నా కాంట్రాక్టు పొడిగించాలి. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.

సోమవారం పొద్దున్నే సార్ ఎదుట నిలబడి అంతా చెప్పేశాను. ఆయన అక్కడికక్కడే గూడెం గురించిన పేరా తీసేశారు. హమ్మయ్య అనుకునేలోపే కళ్లద్దాలు తీసి అడిగారు.

"ఆ ఏడాది ఇంకా ఏయే అడవులు కొలిచావమ్మా?"

"మన ఆఫీసుకు ఒచ్చినయన్నీ నేనే కొలిచిన సార్."

మిగతా అడవుల రిపోర్టులు పక్క సెక్షన్ నుంచి పోయిన నెలే వెళ్లిపోయాయి. ఒక్కోదాంట్లో ఒక్కో గూడెం పేరుంది.