వెనక్కి చాచిన చెయ్యి

అరకు లోయలో ఉండే నా మిత్రుడి తల్లి ఏ అడుగు వేయబోయినా ముందు ఒక చెయ్యి వెనక్కి చాచేది. చేతులు పట్టుకుని ఆడే థింసా ఆటలో వరసకు ముందు నిలిచి వెనకవాళ్ళను నడిపించిన అలవాటది. తుంటి విరిగి, విశాఖలో ఆపరేషను చేయించుకుని మా ఇంట్లో ఉన్నప్పుడూ అంతే. లిఫ్టు ఎక్కబోతూ, మాల్‌లో కదిలే మెట్ల ముందు నిలబడి, "పట్టుకో బాబూ" అనేది. మళ్ళీ వరసకు ముందు నిలవాలన్నదే ఆమె పంతం. ఆమె రోజూ నడిచే అడుగులు లెక్కపెట్టిన నేను, అది కుదరదనే తేల్చుకున్నాను.

ఆమె ఇల్లు చేరిన కొన్నాళ్ళకు, చైత్రమాసపు పండగకు వాళ్ళ ఊరు వెళ్ళాను. డప్పు మోగగానే ఆమె నెమలీకల కట్ట పట్టుకుని లేచింది.

"కూకో అవ్వా, పడిపోతావు!" అని మనవరాలు అరిచింది.

"పడకుండా పట్టుకోడానికే గదేటే నువ్వు ఎనకాతలున్నావు! బేగి పట్టు గుంటా!" అంటూ చెయ్యి వెనక్కి చాచింది.

మనవరాలు నవ్వుతూ అందుకుంది. ఆమె వెనక ఒకరి తరవాత ఒకరు అందుకున్నారు. అందరికంటే చివర నేను చేరాను. వరస గుండ్రంగా తిరిగి ఆమె నా పక్కకు వచ్చేసరికి నేను "ఒకటి, రెండు" అని నా అడుగులు లెక్కపెట్టుకుంటూ తడబడుతున్నాను.

"లెక్కలాపు బాబూ! నానాడతన్నాను, సూడు!" అంది.

చూశాను. వెనక్కి చాచిన ఆ చెయ్యి ఊరంతటినీ లాక్కుపోతోంది.